వేసవి విశ్రాంతి పిదప అరక యెద్దులను మరల పనిలోనికి దించు విధము

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలయందు, 2022 లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలలోను, పత్తి కట్టె పీకి, మిరపకాయలు కల్లములో ఎండబెట్టి, మూటలు యార్డునకు చేరిన తరువాత అరక యెద్దులకు పని తగ్గిపోవును. చైత్ర వైశాఖ మాసములలో అవి కొట్టమునందు గాని చెట్టు నీడను గాని కట్టబడి ఎండుచొప్ప నెమరువేయుచుండును. నేడు వేసవి దుక్కి చాలవరకు ట్రాక్టరుతోనే జరుగుచున్నందున ఈ విశ్రాంతి పూర్వముకంటె దీర్ఘమైనది. రెండు మూడు నెలలు కాడి మెడ నెక్కని యెద్దులనేకములు కలవు.

తరువాత మృగశిర కార్తెలో ఒకనాటి రాత్రి మంచి వాన కురియును. నల్లరేగడి స్వభావము రైతులెరిగినదే. తడి ఎక్కువైన జిగటయై గిట్టకును గుంటకకును అంటుకొనును; ఆరిన రాయివలె బిగియును. ఈ రెంటికి నడుమ పదును నిలుచునది కొద్ది దినములే. ఆ పదును పోవునను ఆతురతచే రైతు, రెండు మాసములు కదలని జతను తెల్లవారగనే కట్టి, సాయంకాలము వరకు తోలును. మూడవనాటికి మెడ కమిలి వాచును. వారము గడచునప్పటికి కాడి క్రింద చర్మము పగిలి పుండగును. అంతట ఆ జత పక్షము దినములో, నెల దినములో కొట్టములో నిలిచిపోవును. దినమునకు రెండెకరములు గుంటక తోలగల జత 15 దినములు నిలిచిన 30 ఎకరముల పని నిలిచినట్లే. పత్తి సాళ్ళలో కలుపు పైకెగయునదియు, ట్రాక్టరు దిగలేని బురదలో గుంటకయే దిక్కగునదియు సరిగా ఆ దినములలోనే.

ఈ నష్టము దైవికము కాదు. విశ్రాంతికిని పూర్తి పనికిని నడుమ నాలుగు వారముల సాధన యున్న దీనిని చాలవరకు తప్పింపవచ్చును.

విశ్రాంతిలో ఎద్దు శరీరమున కలుగు మార్పు

పనిచేయు ఎద్దు మెడపై కాడి ఆనుచోట చర్మము మందమై గట్టిపడి యుండును. ఇది పాదరక్షలు లేక నడచువాని అరికాలు వంటిది. పని మానిన కొన్ని వారములకు ఆ గట్టిదనము పోయి చర్మము మెత్తబడును. కండరములు సన్నగిల్లును. గుండెయు ఊపిరితిత్తులును శ్రమకు తగినట్లు పనిచేయు అలవాటును కోల్పోవును. నడక లేనందున గిట్టలు అరుగక పెరిగి, కొనలు పైకి వంగును.

ఇవన్నియు ఒకే వేగమున తిరిగి రావు. గుర్రములను పోషించువారు చిరకాలముగా నెరిగిన సత్యమొకటి కలదు. విశ్రాంతి పిదప పనిలో దింపిన గుర్రమునకు ముందుగా ఊపిరి కుదురుకొనును. కండ దానికి తరువాత వచ్చును. నరములు, కీళ్ళు, ఎముకలు అన్నిటికంటె ఆలస్యముగా గట్టిపడును. ఎద్దు విషయమునను ఇట్లే. అందుచేత రెండవ వారములోనే జత చురుకుగా నడచుచు, ఒగర్పు తగ్గి, పూర్తి పనికి సిద్ధమైనట్లు కనబడును. రైతు మోసపోవునది ఇక్కడనే. ఊపిరి వచ్చినను మెడయు కీళ్ళును ఇంకను సిద్ధపడలేదు.

ఒంగోలు జాతి యెద్దునకు ఈ ప్రమాదము మరింత అధికము. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు ఏళ్ళ ప్రాంతములలో పెరిగిన ఈ జాతి భారీ శరీరమునకును, సాధు స్వభావమునకును, నిదానముగా బరువు లాగుటకును ప్రసిద్ధికెక్కినది. ఇది వేగమునకు పుట్టిన జాతి కాదు. సాధువగుటచే నొప్పి కలిగినను మొరాయింపక లాగుచునే యుండును. యజమాని చూచి గుర్తించునంతవరకు దాని బాధ బయటపడదు.

పనికి పూర్వము చేయవలసిన పరీక్ష

సాధన ప్రారంభించుటకు ముందు ప్రతి యెద్దును పగటి వెలుతురులో నిలిపి ఈ క్రింది భాగములను చేతితో తడిమి చూడవలెను.

మెడ: పాత పుండు మానిన చోట గడ్డగాని, నొక్కిన బాధగాని ఉన్నదేమో చూడవలెను. మూపురము ముందు భాగమున వెండ్రుకలు రాలి, చర్మము ఎర్రబడి యున్న ఎడల అది మానువరకు కాడి ఎత్తరాదు.

గిట్టలు: పెరిగిన కొనలను తెలిసినవారిచే చెక్కింపవలెను. గిట్టల నడుమ రాళ్ళు, ముండ్లు, పత్తి మోళ్ళ ముక్కలు ఇరికియున్న తీసివేయవలెను. రోడ్డుపై బండి లాగవలసిన యెద్దులకు పాత లాడములు తీయించి క్రొత్తవి వేయింపవలెను.

నోరు: పండ్లు అరిగిన ముసలి యెద్దు చొప్పను బాగుగా నమలలేదు. అట్టిది ఎంత మేసినను కండ పట్టదు. దానికి తేలిక పనియే ఒప్పగింపవలెను.

వీనితోపాటు నట్టల మందును, తొలకరికి ముందు వేయవలసిన గొంతువాపు, జబ్బవాపు టీకాలను సాధన ప్రారంభమునకు వారము దినములు ముందుగానే వేయింపవలెను. గాలికుంటు టీకా 2019 లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద విడతలవారీగా వేయబడుచున్నది. టీకా వేసిన తరువాత కొన్ని దినములు పశువునకు జ్వరమో నీరసమో ఉండవచ్చును. ఆ దినములలో కాడి కట్టరాదు.

మేత

పని పెంచునట్లే మేతను కూడ మెల్లగా పెంచవలెను. ఎద్దు పెద్ద పొట్టలో మేతను పులియజేయు సూక్ష్మజీవులు కోట్లకొలది కలవు. ఎండుచొప్పకు అలవడిన ఆ జీవులు దాణాకు అలవడుటకు రెండు మూడు వారములు పట్టును. పని మొదలైనదని ఒక్కనాడే బుట్టెడు ఉలవలు పెట్టిన కడుపుబ్బి ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. కావున అరకిలో దాణాతో ప్రారంభించి, మూడు దినముల కొకసారి పావుకిలో చొప్పున పెంచుచు, పూర్తి పని నాటికి రెండు లేక రెండున్నర కిలోలకు తీసికొనిపోవలెను. ఉలవలు నానబెట్టియో ఉడికించియో పెట్టవలెను. తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజలు కలిపిన దాణాలో దినమునకు 30 గ్రాముల ఉప్పును, అంతే ఖనిజ లవణ మిశ్రమమును చేర్చుట మంచిది. జొన్నచొప్పను ముక్కలుగా నరికి వేసిన వ్యర్థము తగ్గును. పిల్లిపెసర ఎండుమేత దాచియున్న రైతు దానిని ఈ నాలుగు వారములకు ఉంచుకొనవలెను.

ఎద్దు దినమునకు 6 మొదలు 8 గంటలు నెమరు వేయవలెను. పనికి పోవుటకు ముందు కడుపునిండ దాణా పెట్టక, తిరిగివచ్చి చల్లబడిన తరువాత పెట్టవలెను. నీరు మాత్రము పనికి ముందును, నడుమను, తరువాతను ఇచ్చుచుండవలెను. వేసవిలో పనిచేయు పెద్ద యెద్దు దినమునకు 40 లీటర్లకు పైగా నీరు త్రాగును.

తొలకరిలో ఒక అపాయమును మరువరాదు. జొన్న కోసిన చేలలో మొదటి వానకు మోళ్ళనుండి పిలకలు లేచును. ఈ లేత పిలకలలో రైతులు నాము అనెడి విషముండును. పని ముగించి వచ్చు ఆకలిగొన్న యెద్దు దారిలో వీనిని మేసిన కొద్ది నిమిషములలోనే ఊపిరాడక పడిపోవచ్చును. జొన్న మోళ్ళు గల చేనిగుండ యెద్దులను తోలుకొని వచ్చునపుడు మూతికి చిక్కము కట్టవలెను. నాము తగిలిన అనుమానము కలిగిన క్షణమాలస్యము చేయక పశువైద్యుని పిలువవలెను. దీనికి సూదిమందు కలదు, కాని అది వేళకు పడవలెను.

కాడి, పలుపులు

కాడి తప్పుగా నున్న ఎంత సాధన చేసినను మెడ నిలువదు. కాడిమాను మెడపై ఆనుచోట నున్నగా చిత్రిక పట్టి, అంచులు గుండ్రముగా చేసి యుండవలెను. మాను సన్ననిదైన బరువంతయు కొద్ది చోటనే పడి చర్మమును నలుపును. వెడల్పుగా ఆనిన బరువు పరచుకొనును. పగుళ్ళును, మేకుల తలలును ఉండరాదు. పలుపులు గంగడోలును నొక్కునంత బిగువుగాను, కాడి అటునిటు ఊగునంత వదులుగాను ఉండరాదు.

జతలోని రెండు యెద్దులును ఎత్తులో ఇంచుమించు సమముగా నుండవలెను. ఒకటి పొట్టియైన కాడి వాలి రెండింటి మెడలును ఒరయును. వలపటి యెద్దును వలపటనే, దాపటి యెద్దును దాపటనే కట్టవలెను. పక్క మార్చిన ఆ యెద్దు తడబడి కాడిని ఈడ్చుచుండును, అందుచే ఒరపిడి కలుగును.

వాన నీటితో గాని చెమటతో గాని తడిసిన మెడపై కాడి మోపరాదు. పని ముగియగనే మెడను చల్లని నీటితో కడిగి, దుమ్మును చెమట ఉప్పును పోగొట్టి, గుడ్డతో అద్ది ఆరనీయవలెను. కాడిమాను క్రింది భాగమును కూడ ప్రతిదినము తుడువవలెను.

నాలుగు వారముల క్రమము

రైతు తన ఊర తొలకరి సామాన్యముగా ఎప్పుడు వచ్చునో గుర్తుంచుకొని, అచ్చటనుండి నాలుగు వారములు వెనుకకు లెక్కింపవలెను. గుంటూరు వైపున మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించును గనుక, మే 11 ప్రాంతమున వచ్చు కృత్తిక కార్తె మొదటనే సాధన ప్రారంభింపవలెను. ప్రకాశం జిల్లాలో వానలు ఆలస్యమగు మెట్టలయందు ఈ లెక్కను తగినట్లు జరుపుకొనవచ్చును.

మొదటి వారము: తెల్లవారుజామున జతను కాడి లేకయే పుంతదారిని అరగంట నడపవలెను. మూడవ దినమునుండి వట్టి కాడి వేసి అరగంట, వారాంతమునకు ఒక గంట నడపవలెను. ఏమియు లాగింపరాదు. మెత్తబడిన చర్మమునకు కాడి స్పర్శ మరల అలవడుటయే ఈ వారపు పని.

రెండవ వారము: వట్టి బండినిగాని తేలికయైన దుంగనుగాని ఒక గంట లాగింపవలెను. నేల చదునై మెత్తగా నుండవలెను.

మూడవ వారము: తేలిక గుంటకతో రెండు గంటలు మొదలు మూడు గంటల వరకు తోలవచ్చును. నడుమ రెండుసార్లు కాడి దింపి మెడకు గాలి తగులనీయవలెను. ఇది రోహిణి కార్తె. రోళ్ళు పగులు ఎండలని పేరుపొందిన ఈ దినములలో ఉదయము ఎనిమిది గంటలకు పని కట్టిపెట్టవలెను.

నాలుగవ వారము: ఉదయము రెండున్నర గంటలు, సాయంకాలము గంటన్నర, మొత్తము నాలుగు గంటల పని. ఇది గడచి మెడ నిర్మలముగా నున్న జత తొలకరి పదునున పూర్తి పనికి తగియుండును. పూర్తి పనియనిన రెండు పూటల మీద ఆరు గంటలని గ్రహింపవలెను.

ఈ నాలుగు వారములలోను ఒకే దినమున బరువును కాలమును రెండింటిని పెంచరాదు. బరువు పెంచిన దినమున కాలము పాతదే యుండవలెను. వారమున కొక దినము సెలవు ఈయవలెను. విశ్రాంతి నెల దినములకు మించని జతకు ఈ క్రమమును రెండు వారములకు కుదింపవచ్చును.

బరువు విషయమున ఒక కొలత ఉపయోగపడును. ఎద్దు అలసిపోక గంటలకొలది లాగగల బలము దాని శరీరపు బరువులో ఇంచుమించు పదవ వంతు. అయిదువందల కిలోల యెద్దులు రెండు కలిసిన నూరు కిలోల లాగుడు. ఎండి బిగిసిన నల్లరేగడిలో లోతుగా దిగిన నాగలి దీనికి మించి లాగుడు కోరును. అందుచే భారమైన దుక్కిని తొలకరికి నిలిపియుంచరాదు. పటాన్‌చెరులో 1972 లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు నల్లరేగడి నేలలపై చేసిన పనిలోను ఇదియే కనబడును: పంట తీసిన వెంటనే, నేలలో తడి మిగిలియుండగా, ఎద్దులు పనిలో ఆరితేరియుండగా దున్నిన ఎడల తొలకరికి తేలిక పని మాత్రమే మిగులును. ట్రాక్టరు గల రైతు ఆ దుక్కిని దానితో కానిచ్చి, జతను గుంటకకును గొర్రునకును దాచుకొనుట లాభము.

పనిలో గమనింపవలసిన గుర్తులు

విశ్రాంతిగా నిలిచిన యెద్దు నిమిషమునకు 15 మొదలు 30 పర్యాయములు ఊపిరి తీయును. డొక్క కదలికనుబట్టి దీనిని ఎవరైనను లెక్కింపవచ్చును. పని మానిపించి నీడను నిలిపిన అరగంటకు ఊపిరి ఇంచుమించు మొదటి లెక్కకు దిగవలెను. దిగని ఎడల ఆనాటి పని ఎక్కువైనదని తెలిసికొని మరునాడు సగము తగ్గింపవలెను. నోట నురుగు, మెడ చాచి ఒగర్చుట, నాలుక వెలికి వచ్చుట, కాళ్ళు తడబడుట కనబడిన వెంటనే కాడి దింపి, నీడకు చేర్చి, ఒడలిపై నీరు పోయవలెను.

ప్రతి సాయంకాలము మెడను అరచేతితో తడిమి చూచుట అన్నిటికంటె ముఖ్యము. ఒకచోట వేడిగా తగిలినను, నొక్కిన యెద్దు మెడ లాగుకొనినను పుండు మొదలగుచున్నదని అర్థము. ఈ దశలో మూడు నాలుగు దినముల విశ్రాంతి చాలును. దీనిని దాటనిచ్చిన మూడు వారములు పోవును.

బండి తోలు విషయమున చట్టము కూడ కలదు. 1965 నాటి నియమములనుబట్టి బండికి కట్టిన పశువును దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించియు, విరామము లేక అయిదు గంటలకు మించియు పని చేయింపరాదు. ఉష్ణము 37 డిగ్రీలు దాటినచోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వరకు కట్టనే రాదు. ముల్లుగర్రయు నిషిద్ధము. పుండుగల పశువును పనికి పెట్టుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. విశ్రాంతినుండి లేచిన జతకు ఇంతకంటె చాల తక్కువయే తగును.

మెడ కమిలిన యెడల

వాపు మాత్రమే యున్నపుడు మొదటి దినము చన్నీటి గుడ్డ వేయవలెను. మరునాటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో కాపడము పెట్టవలెను. చర్మము చిట్లిన యెడల పర్మాంగనేటు కలిపిన లేత గులాబిరంగు నీటితో కడిగి, ఆరిన పిదప చుట్టును వేపనూనె రాసిన ఈగలు వాలవు. పురుగు పడినను, చీము పట్టినను ఇంటివైద్యముతో కాలము గడపక పశువైద్యశాలకు చూపవలెను. పుండుపై గోనెపట్టా కప్పి కాడి వేయుట కొన్ని ఊళ్ళలో కనబడు అలవాటు. పట్టా క్రింద చెమట నిలిచి పుండు లోతగును. మానిన తరువాత క్రొత్త చర్మము వెండ్రుకలు మొలచువరకు కాడికి ఆగదు. అటుపిమ్మట మరల మొదటి వారము పనితోనే ప్రారంభింపవలెను.

వ్యాధినుండి లేచిన యెద్దు

విశ్రాంతి వేసవివలన గాక వ్యాధివలన కలిగిన ఎడల పై క్రమమును రెట్టింపు కాలమునకు పొడిగింపవలెను. గాలికుంటు వచ్చిన యెద్దునకు నోటి పుండ్లు త్వరగా మానినను గిట్టల నడుమ పుండ్లు పూర్తిగా మానువరకు బురదలో దింపరాదు. కొన్ని యెద్దులకు వ్యాధి తగ్గిన పిదపను ఎండ సహింపలేక ఒగర్చు లక్షణము నెలల తరబడి నిలుచును. అట్టి యెద్దును తెల్లవారుజాము పనికి మాత్రమే ఉంచవలెను. ముద్దచర్మ వ్యాధి సోకిన యెద్దు మెడపై గడ్డలు రాలి మచ్చలు గట్టిపడువరకు కాడి ఆననీయరాదు. క్రొత్తగా కాడి మరపు కోడెకు ఈ నాలుగు వారములును చాలవు. దానిని పనిలో ఆరితేరిన సాధు యెద్దుతో జతపరచి ఆ సంవత్సరమంతయు తేలిక పనిలోనే ఉంచవలెను.

ఏరువాక పున్నమినాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెట్టి, అరక కట్టుట ఈ సీమ రైతుల ఆచారము. ఆనాడు కాడి ఎక్కు మెడ నాలుగు వారముల ముందే కాడికి అలవడి యుండవలెను. వైశాఖమున తెల్లవారుజామున వెచ్చించు గంట కాలమునకు ఖర్చు లేదు. ఆ గంటను మిగుల్చుకొన్న రైతు మృగశిరలో పొరుగువాని జత కొరకు అడుగవలసివచ్చును. ఆ పదును దినములలో పొరుగువాని జతకును తీరిక యుండదు.